ప్యాడ్ మొండికేసిందా? రబ్బరు తిప్పి చూడండి

ప్రశ్న: నా దగ్గర 16 ప్యాడ్ల మిడి కంట్రోలర్ (ప్యాడ్ కొడితే కంప్యూటర్‌లో శబ్దం మోగించే పరికరం) ఉందండి. ఏళ్ల తరబడి బీట్లు కొట్టి కొట్టి ఇప్పుడు కింది వరసలో రెండు ప్యాడ్లు, అంటే నేను కిక్, స్నేర్ డ్రమ్ శబ్దాలు పెట్టుకునేవి, గట్టిగా గుద్దితే గానీ పలకట్లేదు. పైగా ప్లే బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది, పాట మొదలై వెంటనే ఆగిపోతోంది. అందరూ కొత్తది కొనేయమంటున్నారు. విప్పి చూడొచ్చా, లేక ఉన్నది కూడా పాడైపోతుందా?

జవాబు: విప్పొచ్చండి, భయపడాల్సిందేం లేదు. కాకపోతే మీరు ఒకే జబ్బు అనుకుంటున్నవి నిజానికి రెండు. పైకి రెండూ వేలితో నొక్కేవే గానీ ప్యాడ్ కింద ఉండేది వేరు, ప్లే బటన్ కింద ఉండేది వేరు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కంప్యూటర్‌లో ఏదైనా మిడి మానిటర్ (కంట్రోలర్ పంపే సంకేతాలు చూపించే సాఫ్ట్‌వేర్) ఓపెన్ చేసి, ఆ ప్యాడ్‌ని మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టి వెలాసిటీ నంబర్లు, అంటే ఎంత గట్టిగా కొట్టారో చెప్పేవి, చూడండి. నోట్ మోగాలంటే 1 నుంచి 127 లోపు ఏదో ఒకటి రావాలి. మంచి ప్యాడ్ 110 చూపించే దెబ్బకి ఇది 40 చూపిస్తోందంటే లోపల పనుంది. నంబర్లు బానే వస్తూ సౌండ్ రావట్లేదంటే తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టు. వరస మొత్తం చచ్చిపోతే మాత్రం ప్యాడ్లని అనుమానించకండి, రిబ్బన్ కేబుల్ (బోర్డులని కలిపే పట్టీలాంటి వైరు) లూజయ్యో, బోర్డు మీద ట్రాక్ తెగో ఉంటుంది. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఒకసారి నేను రెండు గంటలు కూర్చుని మొత్తం విప్పి, తుడిచి, బిగించాక చూస్తే సెట్టింగ్స్‌లో వెలాసిటీ కర్వ్ (ఏ దెబ్బకి ఎంత నంబరో తేల్చేది) మారిపోయి ఉంది అంతే, ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

సరే విప్పుదాం. యూఎస్‌బీ కేబుల్ పీకేయండి. స్క్రూ ఒకటి కనపడకుండా సతాయిస్తే కింద రబ్బరు కాళ్ల అడుగున చూడండి, చాలావాటికి అక్కడే దాస్తారు. నాబ్‌లు అటూ ఇటూ వంచకుండా నిటారుగా పైకి లాగాలి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండకపోవచ్చు, కాగితం మీద కంట్రోలర్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చిపెట్టుకోండి, పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే పై ప్యానెల్‌లోంచి పొడుచుకొస్తుంది. రిబ్బన్ కేబుల్‌కి లాక్ ఉంటే ముందు లాక్ ఎత్తాలి, ఊరికే లాగితే కేబుల్ చేతికొస్తుంది.

ప్యాడ్లన్నీ ఎక్కువ మోడళ్లలో ఒకే సిలికాన్ రబ్బరు షీటుగా ఉంటాయి. దాని కింద పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది, అదే సెన్సర్. రెండు పొరలు, ఒకదాని మీద నల్లటి కార్బన్ ఇంకు, రెండోదాని మీద దువ్వెన పళ్లలాంటి గీతలు. నొక్కేకొద్దీ ఆ రెండూ ఎక్కువ చోట తాకుతాయి, రెసిస్టెన్స్ పడిపోతుంది, ఎంత పడిందో చూసి కంట్రోలర్ వెలాసిటీ లెక్కేస్తుంది. ఈ పొరల మధ్య దుమ్ము పడినా, రబ్బరు అడుగున ఉండే బొడిపె అరిగి చదునైపోయినా మీరు గుద్దాల్సిన పరిస్థితి వస్తుంది.

తప్పు రబ్బరుదా ఫిల్మ్‌దా తెలియాలంటే నాకు తెలిసి అన్నిటికన్నా తేలికైన పద్ధతి ఇది: షీటు నాలుగు వైపులా ఒకేలా ఉంటే దాన్ని సగం చుట్టు తిప్పి పెట్టండి, అంటే కింది వరస పైకి పోవాలి. జబ్బు రబ్బరుతో పాటు పైకెళ్తే రబ్బరే దోషి, కిందే ఉండిపోతే ఫిల్మ్. రబ్బరే అయితే చాలామంది అలాగే తిప్పేసి బిగించి వాడుకుంటారు, ఎందుకంటే పై వరస ప్యాడ్లు ఎవరు అంతగా కొడతారు చెప్పండి. అలా తిప్పడం కుదరకపోతే ఇన్సులేషన్ టేప్ చిన్న చదరం కత్తిరించి, ప్యాడ్ కన్నా నాలుగు పక్కలా కొంచెం తక్కువే ఉండేలా, రబ్బరు అడుగున అంటించండి. ఫిల్మ్ మీద మాత్రం వద్దు, తర్వాత పీకాల్సొస్తే ఇంకు కూడా ఊడొస్తుంది. టేప్ సిలికాన్‌కి అంత బాగా పట్టదు కాబట్టి అంచులు లేస్తున్నాయా అని అప్పుడప్పుడూ చూసుకోవాలి. ఒక పొర వేసి నంబర్లు చూడండి, చాలకపోతేనే రెండోది. అత్యాశకి పోయి మూడు నాలుగు వేస్తే ప్యాడ్ ఎప్పుడూ నొక్కుకునే ఉండి ఎవరూ కొట్టకుండానే మోగుతుంది, పక్క ప్యాడ్ కొడితే ఇది పలుకుతుంది. ఫిల్మ్‌దే తప్పయితే పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, అయినా మారకపోతే ఫిల్మ్ మార్చడమే.

ఇక ప్లే బటన్. నొక్కితే టిక్ మంటోందా, మెత్తగా దిగుతోందా? మెత్తగా దిగితే రబ్బరు కింద నల్లటి కార్బన్ బిళ్ల, టీవీ రిమోట్‌లో ఉన్నట్టే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి బిళ్లనీ బోర్డునీ తేలిగ్గా తుడిచి ఆరనిస్తే చాలావరకు లేచొస్తుంది. గరుకు కాగితంతో గీకొద్దు, కార్బన్ పొర పోతే మళ్లీ రాదు.

టిక్ మంటే అది టాక్ట్ స్విచ్, మీ డబుల్ ప్రెస్ చూస్తే ఇదే అనిపిస్తోంది. దాని లోపల బుల్లి లోహపు డోమ్ ఉంటుంది, నొక్కినప్పుడు అది కొన్ని మిల్లీసెకన్లు వణికి అప్పుడు కుదురుకుంటుంది. ఆ కాస్త వణుకుని కంట్రోలర్ పట్టించుకోదు. అరిగిపోయిన స్విచ్ అంతకన్నా ఎక్కువసేపు వణుకుతుంది, దాన్ని కంట్రోలర్ రెండో ప్రెస్ అనుకుంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు నడుస్తుంది గానీ మార్చేయడమే మేలు. ఎక్కువగా వాడేది 6 బై 6 మిల్లీమీటర్ల సైజు, నాలుగు కాళ్లు. అసలు చూసుకోవాల్సింది ఎత్తు, 4.3, 5, 7 ఇలా రకరకాలు దొరుకుతాయి. ఎక్కువైతే బటన్ నొక్కుకునే ఉంటుంది, తక్కువైతే వేలు అందదు. పీకేటప్పుడు పాత సోల్డర్ మీద కాస్త కొత్త సోల్డర్ వేసి కరిగిస్తే తేలిగ్గా వస్తుంది, బలవంతంగా లాగితే బోర్డు మీద రాగి లేచిపోతుంది, అప్పుడు అసలు కష్టాలు మొదలు.

కొత్త స్విచ్ దొరకలేదనుకోండి, మీ కంట్రోలర్‌లోనే మీరు ఎప్పుడూ ముట్టుకోని బటన్ ఒకటి ఉంటుంది, రెండింటి స్విచ్‌లూ ఒకటేనా చూసుకుని అటుదిటు ఇటుదటు మార్చేయండి. నా దాంట్లో ఇప్పుడు ప్లే కింద ఉన్నది ఒకప్పటి నోట్ రిపీట్ స్విచ్చే.

ప్రశ్న: నా ప్యాడ్లు పనిచేస్తున్నాయి గానీ నిగనిగలాడుతూ వేళ్లు జారుతున్నాయి. ఆల్కహాల్‌తో తుడవొచ్చా?

జవాబు: అది చాలావరకు వేళ్ల జిడ్డే. షీటు బయటికి తీయగలిగితే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి, తడి ఫిల్మ్ మీదకి పోకూడదు. తీయలేకపోతే కొద్దిగా తడిపిన గుడ్డ చాలు. ప్యాడ్ల మీద అక్షరాలు ప్రింట్ అయి ఉంటే ఆల్కహాల్ వాటిని కూడా తుడిచేస్తుంది.

ప్రశ్న: ఎంపీసీ మెషీన్లకి (ఆకాయ్ కంపెనీ బీట్ మెషీన్లు) మందపాటి ప్యాడ్లు విడిగా దొరుకుతాయి కదా, నా చిన్న కంట్రోలర్‌కి వేసుకోవచ్చా?

జవాబు: నాలుగు బై నాలుగు ప్యాడ్ల పద్ధతి 1988లో రోజర్ లిన్ డిజైన్ చేసిన ఆకాయ్ ఎంపీసీ60తో బాగా పాపులర్ అయింది, ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు గానీ సైజులు మాత్రం ఎవరివి వాళ్లవే. పై ప్యానెల్ రంధ్రం, ప్యాడ్ల మధ్య దూరం, అడుగున బొడిపె ఉండే చోటు, ఈ మూడూ స్కేలుతో కొలిచి కలిస్తేనే తెప్పించుకోండి. ప్యాడ్ల కింద లైట్లు ఉంటే ఇంకోటి కూడా చూసుకోవాలి, నల్లటి మందపాటి రబ్బరు వేస్తే ఆ లైట్లు కనపడవు.