చూసింది చూసినట్టు

చిరంజీవికి,

చిన్నప్పుడు మీ బడిలో ఫిబ్రవరి 11న జరిగే లూర్దుమాత పండుగ మీద నువ్వు రాసి పంపిన జ్ఞాపకాలు చదివాను. కరిగిన మైనం చేతి మీద పడి చురుక్కుమనడం, ఊరేగింపులో సిస్టరు వెనకాల జపమాల చెప్పడం బాగా వచ్చాయి. కానీ మొదటి పేజీ అంతా లూర్దు చరిత్రే. ఆరో తరగతి పిల్లకు అదంతా ఎక్కడ తెలుస్తుందమ్మా? ఇప్పుడు నువ్వు చదివి తెలుసుకున్నది తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన పెట్టావు.

ఆ చరిత్రలో నీకు పనికొచ్చేది వేరే ఉంది. 1858లో ఫ్రాన్సులోని లూర్దు ఊరి గుహ దగ్గర మరియమ్మ దర్శనం పొందిన బెర్నదెత్‌కు 14 ఏళ్ళు. పుల్లలు ఏరుకోవడానికి వెళ్ళిన పేదపిల్ల. దేవమాతను చూశానని ఆమె మొదట అనలేదు. తెల్లని బట్టలు, నీలం నడికట్టు, పాదాల మీద పసుపుపచ్చ గులాబీలు అని చూసింది చూసినట్టు చెప్పింది. పెద్దవాళ్ళు ఎంత గద్దించినా ఆ మాట మీదే నిలబడింది. జ్ఞాపకాలు రాసేవాళ్ళకు అంతకన్నా మంచి గురువు నాకు తెలియదు. ఊరేగింపు కోసం మీ బడిలోని మరియమ్మ స్వరూపాన్ని దాని గుహలోంచి దించి బల్ల మీద పెట్టారని రాశావు. నీ ఎత్తుకు ఎదురుగా ఆ పాదాలే ఉండి ఉంటాయి. గులాబీల మీద రంగు ఉందా, పెచ్చులూడిందా? అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఇక దివ్యపూజ. క్రైస్తవుల పిల్లలు సత్ప్రసాదానికి, అంటే పూజలో ఫాదర్ ఇచ్చే అప్పానికి, వరుసలో వెళ్ళారు, "నేను వెళ్ళలేదు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నీ రచనకు ప్రాణం అక్కడే ఉంది. చాప మీద నీ పక్కన ఖాళీ అయింది. నువ్వూ లేవబోతే ఎవరైనా భుజం పట్టి కూర్చోబెట్టారా, ముందే చెప్పి ఉంచారా? నీ స్నేహితురాలు తిరిగొచ్చి, నోరు మూసుకుని, చేతులు జోడించి, నీవైపు చూడకుండా కూర్చుంది. తియ్యగా ఉంటుందా అని తర్వాతైనా అడిగావా? అది ఉప్పూ తీపీ లేని గోధుమ అప్పం. ఆ సంగతి నీకప్పుడు తెలియదు, ఇక్కడ కావలసింది ఆ తెలియకపోవడమే. ఉక్రోషం వచ్చి ఉంటే ఉక్రోషమే రాయి. దాని వెంటనే "అన్ని మతాలూ ఒకటే" అని ఒక పేరా పెట్టావు, తీసెయ్యి. పాపం, ఆ పిల్ల నోరు తెరవకముందే ఊరుకోబెట్టినట్టుంది.

1924లో ఫాదర్ ఆర్లాటి గుణదల కొండ మీద స్వరూపం నిలబెట్టిన సంగతీ అక్కర్లేదు. రోజూ తులసికోట దగ్గర దీపం పెట్టే మీ అమ్మమ్మ మరియమ్మకు మొక్కుకుని, గుణదల వెళ్ళి తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఆ గుండు చూసి నవ్వావా, జడుసుకున్నావా? దీనికి ఒక పేజీ ఇచ్చినా ఎక్కువ కాదు.

సిస్టరు పేరు మాత్రం మార్చు. ఆ స్నేహితురాలు ఇప్పటికీ మాట్లాడుతోందన్నావు కదా, మళ్ళీ రాయడానికి కూర్చునే ముందు ఫోన్ చేసి ఆ రోజు తనకేం గుర్తుందో అడుగు. నీకు గుర్తున్నదానికీ దానికీ పొంతన కుదరకపోతే రెండూ ఉంచు. తను చెప్పింది నాకు విడిగా కూడా రాసి పంపు, చదవాలని ఉంది.

ఆశీస్సులతో