ట్రక్కు తొట్టికి మూత చేసి, దాని గురించి రాసిన యువకుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కుర్చీలో కూర్చుని, రెండోసారి గరాజులో నా ట్రక్కు పక్కన టేపు పట్టుకుని నిలబడి చదివాను. సొంత చేతులతో చేసిన వస్తువు గురించి తెలుగులో వివరంగా రాయాలని డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నీకు తోచడమే నాకు సంతోషం. మనవాళ్లు టెక్సాస్‌లో పికప్ ట్రక్కులు కొంటున్నారు, వారాంతాల్లో రంపాలు, డ్రిల్లులు పట్టుకుంటున్నారు, కానీ ఆ పని గురించి మన భాషలో రాసేవారు తక్కువ. అందుకే నీ వ్యాసాన్ని మెచ్చుకుని ఊరుకోలేను. అది చదివి ఒకరు నిజంగా ప్లైవుడ్ కోస్తారు, నిజంగా హైవే మీదికి వెళతారు. ఆ మనిషిని తలుచుకుంటూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ మొదటి రెండు పేజీల్లో ట్రక్కు కొన్న రోజు, దాని రంగు, దుకాణంలో అమ్మే మూతల ధర చూసి నువ్వు వెనక్కి తగ్గిన సంగతి ఉన్నాయి. వాటిలో ధర సంగతి ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్యి. అమెరికాలో ఈ మూతను 'టానో కవర్' అంటారు కదా, ఆ 'టానో' అనే మాట ఫ్రెంచిలో పీపాకు పేరని, తొలినాటి కార్లలో వెనక సీట్ల భాగాన్ని అలా పిలిచేవారని రాశావు. అది సరైనదే, ఒక్క వాక్యంలో ఉండనివ్వు. ఫోర్డు కంపెనీ 1925లో మోడల్ టీకి వెనక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మిన కథ మాత్రం ఈ వ్యాసానికి అక్కర లేదు. పాఠకుడు వచ్చింది తన తొట్టిని వాన నుంచి, దొంగల నుంచి కాపాడుకోవడానికి.

ఇక కొలతల దగ్గరికి వద్దాం. "తొట్టికి సరిపడా కొలతలు తీసుకుని ప్లైవుడ్‌ను కోయాలి" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నాయనా, నీ వ్యాసానికి గుండెకాయ కావలసిన చోటు అది. నీది ఫోర్డు ఎఫ్-150, అయిదున్నర అడుగుల తొట్టి. నేల మీద పొడవు 67 అంగుళాలు, చక్రాల గూళ్ల మధ్య వెడల్పు 50 అంగుళాల పైచిలుకు. అందుకే నాలుగు అడుగుల వెడల్పున్న ప్లైవుడ్ షీటు వెడల్పులో ఆ గూళ్ల మధ్య చక్కగా ఇముడుతుంది. కానీ పైన, పక్క గోడల అంచుల మీద కొలిస్తే వెడల్పు అయిదు అడుగులు దాటిపోతుంది. అంటే లోపల వెడల్పుకు హాయిగా ఇమిడే షీటు, పైన మూతగా పొడవునా వేస్తే వెడల్పు చాలదు, అడ్డంగా వేస్తే తొట్టి పొడవుకు చాలదు. ఈ చిక్కు నుంచే ఈ మూత రూపమంతా పుడుతుంది. అతుకు తప్పదు కాబట్టి ఆ అతుకు ఎక్కడ రావాలన్నదే అసలు నిర్ణయం.

నువ్వు షీటును అడ్డంగా వేసి, 65 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల చొప్పున మూడు పలకలు చేసి, మధ్యలో బందులు బిగించి, మడతపెట్టే మూత చేశావు. ఒక షీటులో రెండు పలకలే వస్తాయి, మూడోదానికి రెండో షీటు కొనక తప్పదు. ఈ లెక్క నీ వ్యాసంలో లేదు. అది లేకపోతే పాఠకుడు శనివారం సాయంత్రం, సగం పని మధ్యలో, మళ్లీ దుకాణానికి పరుగెత్తాలి. ఇంకో దారి కూడా ఉందని చెప్పాలి: తొట్టి నడుమ పొడవునా ఒక దూలం వేసి, దానికి రెండు వైపులా రెండు పలకలు బందులతో బిగించి, పక్కల నుంచి తెరుచుకునేలా చేయడం. దానికీ రెండు షీట్లే పడతాయి. కానీ నడిమి దూలాన్ని అంచుల కంటే ముప్పావు అంగుళం ఎత్తుగా పెడితే చాలు, మూత మన పెంకుటింటి కప్పులాగా రెండు వైపులకూ వాలుతుంది, నీళ్లు పక్కలకు జారిపోతాయి. నీ మూడు పలకల మూతలో రెండు అతుకులు బండికి అడ్డంగా ఉన్నాయి, పైగా మూత బల్లపరుపుగా ఉంది. నీళ్లు వాటి మీద నిలుస్తాయి. నీ పద్ధతి తప్పని అనను, దానికి దాని సౌకర్యం ఉంది. కానీ రెండింటిలో ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నావో చెప్పకపోతే, వేరే కంపెనీ ట్రక్కు ఉన్న పాఠకుడికి నీ కొలతలు ఎందుకూ పనికిరావు. కొలతల వెనక ఉన్న కారణం అయితే ఏ ట్రక్కుకైనా పనికొస్తుంది.

తొమ్మిదో పేజీలో ఒక చిన్న వాక్యం ఉంది: "గట్టి వానకు అతుకుల దగ్గర కొంచెం నీరు కారుతుంది." అక్కడే ఆగు. ఆ ఒక్క వాక్యాన్ని మూడు పేరాలు చెయ్యి. ఎక్కడ కారుతోంది, బండి నిలిచి ఉన్నప్పుడా, పరుగెత్తేటప్పుడు గాలి తోసినప్పుడా, నువ్వు ఏం ప్రయత్నించావు, ఏది పనిచేయలేదు? అతుకు కింద యు-చానల్‌ను, అంటే యు ఆకారపు అల్యూమినియం పట్టీని, కాలువలా బిగించి, దిగిన నీటిని రెండు పక్కలకు నడిపి బయటికి వదలవచ్చు. డాబా వేసేటప్పుడు మేస్త్రీలు 'వాటం' అంటారే, అదే ఇక్కడా కావాలి: అడుగుకు పావు అంగుళం వాలు ఉంటే నీరు నిలవదు. నీ పలకల కింద మధ్య కర్రను కొద్దిగా వంపుగా చిత్రిక పట్టి ఉంటే ఆ వాటం వచ్చేది. దుకాణంలో కొన్న మూతలు కూడా చాలావరకు చుక్క నీరు రానివ్వనివి కావనీ, టెయిల్‌గేట్, అంటే తొట్టి వెనక తలుపు, చుట్టూ ఉండే సందులు ఎలాగూ పూర్తిగా మూసుకోవనీ నిజాయితీగా రాయి. అప్పుడు పాఠకుడు తన మూతను అన్యాయంగా తిట్టుకోడు.

కర్ర ఎంపిక గురించి "గట్టి ప్లైవుడ్ వాడాలి" అన్నావు. గట్టిది అంటే ఏది? బయటి వాడకానికి అమ్మే ప్లైవుడ్‌లో జిగురు నీటికి ఓర్చుకుంటుంది, కానీ లోపలి పొరల్లో ఖాళీలు ఉండవచ్చు. పడవలకు వాడే మెరైన్ ప్లైవుడ్‌లో ఆ ఖాళీలు లేకుండా చేస్తారు, ఖరీదూ ఎక్కువే. మన దేశంలో చదివేవారి కోసం భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది మెరైన్ రకమని ఒక మాట చేర్చు. అక్కడా షీటు ఎనిమిది బై నాలుగే, మందం మాత్రం మిల్లీమీటర్లలో అడగాలి. ఏది కొన్నా చావు వచ్చేది అంచుల నుంచే. పలక ముఖానికి నాలుగు పూతలు వేసి, కోసిన అంచును, స్క్రూ రంధ్రాలను పచ్చిగా వదిలేస్తే నీరు వాటిలోంచే దిగి పొరలను విడదీస్తుంది. పడవలు చేసేవారి పద్ధతి ఏమిటంటే, రంధ్రాన్ని కావలసినదాని కంటే పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురుతో, నింపి, అది గట్టిపడ్డాక మళ్లీ సన్నగా తొలవడం. అప్పుడు స్క్రూ చెక్కను తాకనే తాకదు. ఎపాక్సీకి ఎండ పడదు కాబట్టి దాని మీద రంగు గానీ, తొట్టి లోపల పూసే బెడ్‌లైనర్ పూత గానీ తప్పనిసరి. టెక్సాస్ ఎండకు ఈ మాట రెండుసార్లు రాసినా ఎక్కువ కాదు.

చెదలు పట్టవని, కుళ్లిపోదని కొందరు రసాయనాలు ఎక్కించిన కర్రతో చట్రం చేస్తారు. నువ్వూ అదే చేశావు. ఇక్కడ నువ్వు రాయని, బహుశా నీకు తెలియని ప్రమాదం ఒకటి ఉంది. ఇప్పుడు ఇళ్ల వాడకానికి అమ్మే అలాంటి కర్రలో ఎక్కువగా ఉండేది రాగి సమ్మేళనం. 2015 మోడల్ నుంచి ఎఫ్-150 శరీరం, తొట్టితో సహా, అల్యూమినియంతో చేస్తున్నారు. తడిసిన ఆ కర్ర అల్యూమినియం మీద ఆనితే, రాగి ఆ లోహాన్ని తినేస్తుంది. నీ బండి 2018ది. ఈ ఉత్తరం చదివిన వెంటనే మూత ఎత్తి, చట్రం ఆనిన చోట తెల్లటి పొడి కనబడుతుందేమో చూడు. మామూలు కర్రను మూసి పూత వేసి వాడడం, లేదా మధ్యలో మందపాటి రబ్బరు బీడింగ్ పరవడం దీనికి మందు. స్టీలు స్క్రూలు అల్యూమినియాన్ని తాకే చోట నైలాన్ వాషర్లు వేయాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట హ్యూస్టన్‌లో నేను చేసిన మొదటి మూత ముప్పావు అంగుళం ప్లైవుడ్‌ది. దాదాపు వంద పౌన్లు తూగేది. అంత బరువు ఎక్కడికి పోతుందిలే అనుకుని వెనక ఒక్క గొళ్లెం పెట్టాను. డాలస్ వైపు పోయే హైవే మీద ఒక పెద్ద లారీని దాటుతుండగా ఆ మూత లేచి, గొళ్లేన్ని ఊడబీకి, రోడ్డు పక్కన పడింది. వెనక ఆ క్షణంలో ఎవరూ లేరు. ఆ 'ఎవరూ లేరు' అన్న మాటకు నేను ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. ఆ మూత గురించి అంతకుముందే ఒక వ్యాసం రాసి, మెచ్చుకోళ్లు కూడా అందుకున్నాను. అందులో గాలి గురించి ఒక్క మాట లేదు.

లెక్క కష్టమైనది కాదు. గంటకు 70 మైళ్ల వేగంలో గాలి పీడనం చదరపు అడుగుకు 12 పౌన్లు దాటుతుంది. నీ మూత వైశాల్యం 30 చదరపు అడుగులు. ఆ పీడనంలో అయిదో వంతు పైకి లాగినా 75 పౌన్ల బలం అవుతుంది. నీ అరంగుళం ప్లైవుడ్ మూత, చట్రంతో కలిపి, ఇంచుమించు అంతే తూగుతుంది. అంటే మూతను పట్టి ఉంచవలసింది బిగింపే, బరువును నమ్ముకుంటే కుదరదు. తొట్టి అంచు కింది మడతను పట్టుకునే, మర తిప్పి బిగించే సి ఆకారపు సి-క్లాంపులు ఒక్కో పక్క కనీసం మూడు ఉండాలి. నట్లు నైలాన్ లాక్ నట్లు కావాలి, ఎందుకంటే బండి కుదుపుకు మామూలు నట్లు వదులవుతాయి. మొదటి వంద మైళ్ల తరవాత ప్రతి నట్టునూ మళ్లీ బిగించి చూడాలి. వీటిని నీ వ్యాసం చివర 'జాగ్రత్తలు' అనే మూలకు నెట్టవద్దు. బిగింపు చెప్పే చోటే, పని వరసలోనే, కారణంతో సహా రాయి. చివర్లో పెట్టే జాగ్రత్తలను చదవకుండానే పనిలోకి దిగేవారు చాలామంది, అందులో నేనూ ఒకణ్ని.

పిల్లల సంగతి కూడా అలాంటిదే. మూత వేసి బయటి నుంచి తాళం పడే తొట్టి చీకటి పెట్టెతో సమానం, దాగుడుమూతలు ఆడే పిల్లలకు అంతకంటే ఆకర్షణ ఉండదు. అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి కొత్త కార్ల డిక్కీ లోపల, చీకట్లో కనిపించే విడుదల మీట తప్పనిసరి చేశారు. ఇంట్లో చేసిన మూతకు ఆ మీట నువ్వు పెడితేనే ఉంటుంది. గొళ్లేనికి లోపలి నుంచి లాగే తీగ ఒకటి కట్టడం పది నిమిషాల పని. మూత కింద మనుషులు ఎక్కి ప్రయాణించకూడదని కూడా ఒక వాక్యం రాయి. పొగ గొట్టం నుంచి వచ్చే వాయువు అక్కడ చేరుతుంది.

మైలేజీ పెరిగిందని రాశావు. ఒక్క ట్యాంకు పెట్రోలు మీద చూసిన తేడాను, రోడ్డు, గాలి, యాక్సిలరేటర్ మీద నీ కాలు మారిన తేడాతో కలిపి, మూత ఖాతాలో రాయకు. తీసెయ్యి.

భాష గురించి చెప్పవలసింది కొంత ఉంది. 'ఆచ్ఛాదన ఫలకం', 'సంధి కీలకం', 'జలనిరోధక పట్టిక' అనే మాటలు వాడావు. మర్యాదగా రాయాలన్న నీ కోరిక నాకు అర్థమవుతుంది. కానీ వడ్రంగి 'బందు' అంటాడు, రంగులేసేవాడు 'లప్పం' అంటాడు, మేస్త్రీ 'వాటం' అంటాడు, కారు సీట్లు కుట్టేవాడు 'బీడింగ్' అంటాడు. ఇవి నోళ్లలో నలిగిన మాటలు, తప్పుదారి పట్టించవు. 'ఎపాక్సీ', 'క్లాంపు' లాంటివాటికి మన మాట లేకపోతే వాటినే వాడు. దుకాణంలో పాఠకుడు అడగవలసింది ఆ పేరుతోనే. అయితే మొదటిసారి వచ్చినప్పుడు ఆ వస్తువు ఎలా ఉంటుందో, ఏం చేస్తుందో ఒక వాక్యంలో చెప్పు. ఒక పని చెప్పేటప్పుడు వాక్యం పొడుగైనా పర్వాలేదు, కానీ చేసే వరసలోనే సాగాలి. "ఎండిన తరవాత రుద్ది, రుద్దకముందు దుమ్ము తుడిచి" అని నువ్వు రాసినట్టు రాస్తే, చేతిలో ఉప్పుకాగితం ఉన్న మనిషి ఆగిపోతాడు.

మన రాష్ట్రాల్లో చదివేవారిని కూడా దృష్టిలో పెట్టుకో. ఇసుజు వాళ్లు 2016 నుంచి శ్రీసిటీలో పికప్‌లు తయారు చేస్తున్నారు, అవి ఆంధ్ర రోడ్ల మీద తిరుగుతున్నాయి. అక్కడ బండి రూపాన్ని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ హద్దులు పెడుతుంది. కాబట్టి బాడీకి రంధ్రాలు తొలిచే ముందు ఆర్‌టీఓ కార్యాలయంలో అడగమని చెప్పు. రంధ్రాలు అక్కరలేని క్లాంపు పద్ధతిని ముందు వివరించడానికి ఇది ఇంకో కారణం.

ఫోటోల సంఖ్య సగానికి తగ్గించి, అతుకును పక్క నుంచి కోసినట్టు చూపే చేతి బొమ్మ ఒకటి గీయి. నీ పన్నెండు ఫోటోల్లో మూత పైభాగమే కనిపిస్తోంది. పాఠకుడికి కావలసింది కింది భాగం.

తిరగరాతకు తొందరపడకు. డాలస్‌లో వసంతపు వానలు ఎంత దూరమో నీకు తెలుసు. యు-చానల్ బిగించి, లోపల పాత దినపత్రికలు పరిచి, గట్టి వాన పడ్డ మర్నాడు ఏ మూల కాగితం తడిసిందో చూడు. అతుకుల పేరాలు ఆ తరవాత రాయి. రాశాక, తొట్టి అంచు మీద ఆనే కర్ర సంగతి ఏమైందో కూడా నాకు తెలియజేయి.

ఆశీస్సులతో,
నీ బాబాయి