వెన్న పువ్వు వాలకుండా

ప్రశ్న: బైలకుప్పె టిబెటన్ మఠాల్లో వాళ్ల కొత్త సంవత్సరం రోజుల్లో వెన్నతో పూలూ దేవతామూర్తులూ చేసి పెడతారట. కర్ణాటక ఎండకు కరిగిపోవా?

జవాబు: అచ్చంగా వెన్నే అయితే నిలవవు. లోసర్, అంటే టిబెటన్ల కొత్త సంవత్సరం, సాధారణంగా ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. అప్పటికి టిబెట్ రాజధాని లాసాలో చలి వదలదు, ఇక్కడేమో ఎండ ముదురుతుంటుంది. వెన్న 32-35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకు చాలా ముందే మెత్తబడి రేకుల అంచులు వాలిపోతాయి. అందుకే ఈ దేశానికి వచ్చాక భిక్షువులు వనస్పతి, అదే మన డాల్డా, కరిగించి అందులో మైనం కలపడం మొదలుపెట్టారు. పేరు మాత్రం వెన్న శిల్పమే!

చిక్కంతా మైనం పాళ్లలో ఉంది. ఎక్కువైతే రేకు వంచగానే చిట్లుతుంది, తక్కువైతే మధ్యాహ్నానికి జారుతుంది. కాస్త తీసి చల్లార్చి, ఒక రేకు ఒత్తి చూశాకే మిగతాది కలుపుకోవాలి. రంగు పొడిగానే వేసి పిసకాలి. నీళ్లలో కలిపిన రంగు కొవ్వుకు పట్టదు, చుక్కలుగా విడిపోతుంది. పక్కన చన్నీళ్ల గిన్నె తప్పనిసరి. వేళ్లు ముంచి, గోళీకాయంత ఉండను బొటనవేలితో పలచగా అదిమి, రేకును వెంటనే చెక్కకు అతికిస్తారు. వేళ్లు వెచ్చబడితే రేకు చేతికే అంటుకుని చిరుగుతుంది. టిబెట్‌లో ఇదే పనికి మంచులాంటి నీళ్లలో చేతులు ముంచాల్సి వచ్చేది. ఆ ఒక్క బాధ ఇక్కడ తప్పింది.

ఈ శిల్పాలకు అసలు రోజు టిబెటన్ క్యాలెండర్‌లో మొదటి నెల పౌర్ణమి. 1409లో బౌద్ధ గురువు త్సోంగ్‌ఖాపా లాసాలో ప్రారంభించిన మోన్లం ప్రార్థనోత్సవంలో భాగం అది.

ప్రశ్న: వెళ్లి చూడాలంటే పర్మిషన్ కావాలా?

జవాబు: భారతీయులకు అక్కర్లేదు. విదేశీయులు రాత్రి బస చేయాలంటే కేంద్ర హోంశాఖ ఇచ్చే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి.

ప్రశ్న: ఇక్కడే పుట్టిన టిబెటన్లు భారత పౌరులు కారా?

జవాబు: పుట్టిన తేదీని బట్టి ఉంటుంది. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 లోపు ఇక్కడ పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. టిబెటన్లకూ ఇది వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2010లో చెప్పింది. ఆ తర్వాత పుట్టినవారికి తల్లిదండ్రుల పౌరసత్వం కూడా చూస్తారు. అయితే 2017లో పాస్‌పోర్టుకు పెట్టిన షరతులు గట్టివి: శరణార్థి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తిరిగి ఇచ్చేయాలి, సెటిల్‌మెంట్‌లో, అంటే బైలకుప్పె లాంటి టిబెటన్ శరణార్థుల కాలనీలో, నివాసం ఉండకూడదు. మఠమూ బడీ ఇరుగుపొరుగూ అన్నీ సెటిల్‌మెంట్‌లోనే ఉన్నవాళ్లకు రెండోదే కష్టం. పాస్‌పోర్టు లేనివారు విదేశాలకు వెళ్లాలంటే భారత ప్రభుత్వం ఇచ్చే పసుపు అట్ట ఐడెంటిటీ సర్టిఫికెట్ పుస్తకమే ఆధారం.