రక్తం తీయవచ్చు, జబ్బు పేరు చెప్పకూడదు

ప్రశ్న: ఇంటర్ వొకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదివాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ అయ్యాను. దేవరకొండలో ఒక ప్రైవేటు ల్యాబులో ఆరేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మా పాథాలజిస్టు (ల్యాబ్ పరీక్షల స్పెషలిస్టు డాక్టరు) హైదరాబాదు నుంచి నెలకు రెండుసార్లు వస్తారు. మిగతా రోజుల్లో కంప్యూటర్లో ఉన్న ఆయన సంతకం రిపోర్టు మీద పడేలా చేసి నేనే ప్రింటు తీసి ఇస్తాను. అడిగిన వాళ్లకు ‘టైఫాయిడ్ ఉంది’ అనో, ‘షుగర్ వచ్చింది’ అనో చెబుతాను. ఇప్పుడు యజమాని కొండమల్లేపల్లిలో ఇంకో ల్యాబు పెడుతూ రిజిస్ట్రేషన్ నా పేరు మీద తీసుకుందామంటున్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన దగ్గరే ఉన్నాయి. రేపు ఏదైనా జరిగితే నా మీదకు వస్తుందా?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: వస్తుందమ్మా. కొంత ఇప్పటికే వచ్చి ఉంది, మీరు గమనించలేదు. కంగారు పడాల్సిన పని లేదు గానీ, కొన్ని అలవాట్లు ఈ వారమే మానుకోవాలి.

ముందు మీ అర్హత సంగతి. మీ చదువు, అప్రెంటిస్‌షిప్, బోర్డు రిజిస్ట్రేషన్ మూడూ ఉన్నాయి కాబట్టి టెక్నీషియన్‌గా మీ స్థానం గట్టిదే. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు అడిగేదీ ఇలాంటి అర్హతే. రిజిస్ట్రేషన్ గడువు మాత్రం ఒకసారి చూసుకోండి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ల్యాబ్ టెక్నాలజిస్టులను కూడా తన జాబితాలో చేర్చింది. డిప్లొమా లేదా డిగ్రీ కనీసం 2,000 గంటల చదువై ఉండాలని ఆ చట్టంలోని నిర్వచనం చెబుతుంది. మీ కోర్సు ఆ లెక్కకు సరిపోతుందా అని రేపు ఎవరైనా అడగవచ్చు. అందుకని మీ మార్కుల పత్రాలు, అప్రెంటిస్‌షిప్ ధ్రువపత్రం, ఆరేళ్ల అనుభవానికి రుజువులు అన్నీ ఒకచోట భద్రపరచుకోండి.

రక్తం తీయడం, శాంపిల్‌కు పేరు, నంబరు రాయడం, మిషన్ నడపడం, కంట్రోల్ (ఫలితం ముందే తెలిసిన నమూనా) పెట్టి రీడింగ్ సరిచూడడం, స్లైడుకు రంగు వేయడం, వచ్చిన అంకెను రిజిస్టరులో రాయడం మీ పనులు. వీటిలో మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఆ అంకెకు అర్థం చెప్పడం దగ్గర మీ హద్దు ముగుస్తుంది. టైఫాయిడ్ కోసం చేసే విడాల్ టెస్టునే తీసుకోండి. పాత ఇన్ఫెక్షన్ వల్లనో, టీకా వల్లనో కూడా అది పాజిటివ్ చూపవచ్చు. మీరు కౌంటరు దగ్గర ‘టైఫాయిడ్ ఉంది’ అన్న ఒక్క మాటతో ఆ మనిషి నేరుగా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సూదులు వేయించుకుంటాడు. మన జిల్లాలో ఇది రోజూ జరిగే తతంగమే. జబ్బు నిర్ధారించి, మందు పేరు కూడా చెబితే, రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేసినట్టే అవుతుంది. జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం దానికి ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘రిపోర్టు డాక్టరుకు చూపించండి’ అనండి చాలు.

ఇక అసలు చిక్కు సంతకం. గుజరాత్ ల్యాబుల కేసులో 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే సంతకం చేయాలన్న అప్పటి భారత మెడికల్ కౌన్సిల్ వైఖరిని నమోదు చేసింది. తర్వాత 2018లో కేంద్రం ల్యాబులకు కనీస ప్రమాణాలు ప్రకటించి, వాటిని బేసిక్, మీడియం, అడ్వాన్స్‌డ్ అని మూడు తరగతులు చేసింది. బేసిక్ ల్యాబులో ఎంబీబీఎస్ డాక్టరు సంతకం చెల్లుతుంది. ఎంత వెసులుబాటు ఇచ్చినా అది టెక్నీషియన్ దాకా దిగలేదు.

మీ ల్యాబులో జరుగుతున్నది ఇంకా ఇబ్బందికరం. డాక్టరు ఎక్కడున్నా తన లాగిన్‌తో ప్రతి రిపోర్టూ చూసి ఆమోదిస్తే అది వేరే చర్చ. చూడని రిపోర్టు మీద ఆయన సంతకం బొమ్మ అతికించడం అలాంటిది కాదు. ఆయనకు తెలియకుండా చేస్తే భారతీయ న్యాయ సంహితలోని 336వ సెక్షన్ కింద ఫోర్జరీ ఆరోపణ వస్తుంది. తెలిసే చేస్తే ఆయన రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు జవాబు చెప్పుకోవాలి, రోగిని మోసగించారన్న ప్రశ్న అప్పుడూ మిగులుతుంది. ‘యజమాని చెప్పాడు, నేను బటన్ నొక్కాను’ అంటే శిక్ష తగ్గించే ముందు కోర్టు వింటుందేమో గానీ, నేరం లేదనదు. ఇకనుంచి డాక్టరు చూడని రిపోర్టును ప్రింటు తీయనని యజమానికి వాట్సాప్‌లో మర్యాదగా రాయండి. నోటితో చెబితే రేపు రుజువు ఉండదు.

మీ ల్యాబు గోడ మీద ల్యాబు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందా? ఆసుపత్రులు, ల్యాబుల రిజిస్ట్రేషన్ గురించిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 2010 ప్రకారం అది అందరికీ కనిపించేలా పెట్టాలి. మన తెలంగాణ ఆ చట్టాన్ని స్వీకరించింది. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రిజిస్టరింగ్ అథారిటీకి జిల్లా వైద్యాధికారి కన్వీనరు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 50 వేలు, రెండోసారి 2 లక్షలు, ఆపైన 5 లక్షల వరకు జరిమానా. ఇది యజమాని తలనొప్పి అనుకోకండి. రిజిస్ట్రేషన్ లేదని తెలిసీ అక్కడ పనిచేసేవారికి కూడా 25 వేల వరకు జరిమానా ఉంది. టెక్నీషియన్లలో నూటికి తొంభై మందికి ఈ సంగతి తెలియదని నా అనుమానం.

ఇలాంటి పరిస్థితిలో కొత్త ల్యాబును మీ పేరు మీద తీసుకుంటారా? పెట్టుబడి ఎవరిదైనా కావచ్చు, దాన్ని చట్టం అడ్డుకోదు. కానీ దరఖాస్తులో బాధ్యుల పేరు మీదైతే నోటీసు మీకే వస్తుంది. రోగి నల్లగొండ వినియోగదారుల కమిషన్‌కు వెళితే ప్రతివాదిగా మీ పేరే ఉంటుంది. వాడిన సూదులు, రక్తం శాంపిళ్ల పారవేత మీద 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాల కింద కాలుష్య నియంత్రణ మండలి అడిగేదీ మిమ్మల్నే. లాభం మాత్రం ఆయనది. పైగా దేవరకొండ సర్టిఫికెట్ కొండమల్లేపల్లికి పనికిరాదు. అది బదిలీ చేయదగినది కాదు, చోటు మారితే మళ్లీ తీసుకోవాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదు. వారంలో తిరిగి ఇవ్వమని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ఇవ్వకపోతే దేవరకొండ కోర్టులోని మండల న్యాయ సేవల కమిటీకి వెళ్లండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, వకీలు ఫీజుకు భయపడకండి. అవి చేతికి రాగానే వాటి నకళ్లు వేరే ల్యాబు గోడకు ఎక్కలేదని కూడా చూసుకోండి. సర్టిఫికెట్లు అద్దెకిచ్చే అలవాటు మన పట్టణాల్లో మందుల దుకాణాల నుంచి ల్యాబుల దాకా పాకింది.

కొత్త ల్యాబు దరఖాస్తు మీద సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, నా పేరు తొలగించండి అని జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని రండి.