గిన్నె కోళ్లు చెట్టెక్కి పడుకుంటున్నాయి, గుడ్లు దొరకట్లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డున ఊరు. పత్తి, మిర్చి వేస్తాం. పోయిన వానాకాలం అంగడిలో 20 గిన్నె కోడి పిల్లలు కొన్నాను. రెండు వారాల్లోనే 11 చనిపోయాయి. మిగతా తొమ్మిదీ బాగానే పెరిగాయి కానీ రాత్రి గూట్లోకి రావు, వేప చెట్టెక్కి పడుకుంటాయి. పోయిన నెల రెండింటిని ఏదో పట్టుకుపోయింది. ఇంతవరకు ఒక్క గుడ్డూ దొరకలేదు. వీటి అరుపులకు పక్కింటివాళ్లతో రోజూ గొడవే. మళ్లీ పిల్లలు తెద్దామనుకుంటున్నాను. నాటుకోళ్లకు లేని తిప్పలు వీటికే ఎందుకు?
– ఒక రైతు, సిరోంచ తాలూకా

జవాబు: గిన్నె కోడి, అంటే గినీ కోడి, పుట్టిల్లు ఆఫ్రికా. పొడి నేలల పక్షి. పెద్దదయ్యాక ఎండను బాగా ఓర్చుకుంటుంది. నీడా నీళ్లూ ఉంటే మీ సిరోంచ మే నెలను కూడా దాటేస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం తడికి అస్సలు ఆగదు. మీరు తెచ్చింది వానాకాలంలో, అదీ ఎన్ని గంటలు గంపలో ఉన్నాయో తెలియని అంగడి పిల్లల్ని. 11 పోయాయంటే నాకు ఆశ్చర్యం లేదు. తొమ్మిది బతికాయి చూడండి, అదే ఆశ్చర్యం.

పిల్లలు పోయేది ఎక్కువగా మొదటి మూడు నాలుగు వారాల్లోనే. మొదటి వారం వాటి దగ్గర 35 నుంచి 37 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, ముక్కు తెరిచి దూరంగా జరుగుతుంటే వేడి. గది మూలల్లో గుంపుకట్టి ఊపిరాడక చస్తాయి కాబట్టి చుట్టూ వెదురు తడక గుండ్రంగా కట్టండి, మూల అనేదే ఉండకూడదు. మీ దగ్గర వానొస్తే కరెంటు పోవడం మామూలే కదా, అలాంటి రాత్రి సీసాల్లో వేడినీళ్లు పోసి, పాత గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి.

కింద న్యూస్ పేపర్ పరచొద్దు. దాని మీద కాళ్లు జారి పక్కలకు విరుచుకుపోతాయి, ఆ పిల్ల ఇక నిలబడలేదు. మొదటి నాలుగు రోజులు గోనె సంచి, ఆ తర్వాత ఆరిన ఊక. నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. లోతు గిన్నె పెడితే పిల్ల అందులో పడిపోతుంది. మునగకపోయినా పొట్ట తడిసి, ముడుచుకుని, తెల్లారేసరికి బిగుసుకుపోయి ఉంటుంది. వెడల్పాటి మూతలో గులకరాళ్లు పరిచి, రాళ్ల సందుల్లో ముక్కు మునిగేంత నీళ్లు పోస్తే చాలు.

మేతలో మొదటి నాలుగు వారాలు 24 నుంచి 26 శాతం ప్రోటీన్ ఉండాలి, ఒట్టి నూకలతో బతకవు. నూకల్లో ఉడికించిన గుడ్డు చిదిమి, ఉప్పు పట్టని ఎండు చేపల పొడి కలపండి. పుట్ట తవ్వి చెదలు పెడితే ఎగబడి తింటాయి. బ్రాయిలర్ దాణా కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. కోళ్లకు రక్త విరేచనాలు రాకుండా కొన్ని దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోళ్లకు పనికొచ్చే ఆ మందే గినీ కోళ్ల ప్రాణం తీస్తుంది. బస్తా మీద చీటీ చదవండి, లేదా అమ్మేవాణ్ని గట్టిగా అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ బస్తా వద్దు.

ఇక వేప చెట్టు. ఎత్తున నిద్రపోవడం వీటి గుణం, దాన్ని మాన్పలేం. జంగపిల్లి, పునుగుపిల్లి, పెద్ద గుడ్లగూబ, మూడూ చెట్టు మీదికి రాగలవి. మీ రెండింటినీ తీసుకుపోయింది వీటిలోనే ఏదో ఒకటై ఉంటుంది. ఉన్న ఏడింటినీ రాత్రి టార్చి వేసి పట్టుకోండి. కాళ్లు పట్టి లాగొద్దు, నాటుకోడి కాళ్లలా కాదు, తేలిగ్గా విరుగుతాయి. రెక్కలతో కలిపి ఒంటిని రెండు చేతులా పొదివి పట్టాలి. పట్టాక ఆరు వారాలు గూటి నుంచి బయటికి వదలొద్దు. అన్ని రోజులా అంటారేమో, రెండు రోజులకే వదిలితే మళ్లీ వేప చెట్టే. గూట్లో మనిషి ఛాతీ ఎత్తున వెదురు బొంగులు అడ్డంగా కట్టండి, పక్షికి రెండు మూడు చదరపు అడుగుల చోటు ఉండాలి.

వదిలేటప్పుడు కూడా అన్నింటినీ ఒకేసారి కాదు. మొదటి రోజు రెండింటినే వదలండి. లోపలున్నవి అరుస్తుంటే బయటవి ఆ చుట్టుపక్కలే తిరిగి సాయంత్రానికి గూటికి చేరతాయి. పగలు పెట్టే మేత తగ్గించి, జొన్నలు సాయంత్రం గూట్లోనే చల్లండి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది: గినీ కోడి చీకటి గదిలోకి అడుగు పెట్టదు. లోపల చిన్న బల్బు వెలిగించి, అన్నీ ఎక్కి కూర్చున్నాక ఆర్పేయండి. ఒక రెక్క ఈకలు కత్తిరిస్తే ఎగరవు, నిజమే. కానీ కుక్క వెంటపడితే అదీ తప్పించుకోలేదు. నేనైతే కత్తిరించమని చెప్పను.

గుడ్లు దొరకట్లేదన్నారు. ఏడింటిలో పెట్టలెన్నో ముందు తేల్చుకోండి. రంగు చూసి చెప్పలేం, చెవి పెట్టి వినాలి. పెట్ట రెండు ముక్కలుగా అరుస్తుంది, రెండో ముక్క పైకి లేస్తుంది. పుంజు ఎప్పుడూ ఒక్క ముక్క అరుపే. పెట్ట కూడా భయపడితే ఒక్క ముక్కతో అరుస్తుంది కాబట్టి ఒక్కసారి విని తేల్చేయకండి. పుంజుకు గడ్డం కింద వేలాడే తోలు తమ్మెలు పెద్దగా, లోపలికి వంగి ఉంటాయి. నాలుగైదు పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది.

పెట్టలుంటే గుడ్లు ఎక్కడో పెడుతూనే ఉంటాయి. ఎనిమిది నెలలు దాటాక, పగలు పొడుగ్గా ఉండే మార్చి నుంచి సెప్టెంబరు వరకు పెడతాయి, చలికాలంలో ఆపేస్తాయి. పత్తి కట్టె కుప్పల కింద, గట్ల మీది పొదల్లో వెతకండి. నాలుగు పెట్టలు కలిసి ఒకేచోట పెడతాయి, ఒక్క గూడు దొరికితే ఇరవై ముప్పై గుడ్లు ఉండొచ్చు. అన్నీ తీసేస్తే చోటు మార్చేస్తాయి, గుర్తు పెట్టిన నాలుగైదు గుడ్లు అక్కడే వదలండి. రోజూ వెతికే ఓపిక లేకపోతే మధ్యాహ్నం దాకా గూట్లోనే ఉంచి వదలండి. గుడ్డు 40 గ్రాముల చుట్టూ ఉంటుంది, పెంకు మహా గట్టి. ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అనే రకాలు తయారుచేసింది, అవి ఏడాదికి వందకు పైగా పెడతాయి. అంగడి పక్షుల నుంచి అంత ఆశించకండి.

పొదిగించడానికి గినీ పెట్టను నమ్మొద్దు. తెల్లారగానే పిల్లల్ని మంచు గడ్డిలోంచి లాక్కుపోతుంది, వెనకబడినదాని కోసం తిరిగి చూడదు. పొదుగుకు వచ్చిన నాటుకోడి కింద పెట్టండి, కరెంటుతో పనే లేదు. పిల్లలు రావడానికి 26 నుంచి 28 రోజులు పడుతుంది. దాని కింద కోడిగుడ్లు కలపకండి, 21వ రోజున తన పిల్లలు రాగానే అది లేచిపోతుంది, గినీ గుడ్లు చల్లబడిపోతాయి. మార్చి చివరిలో పొదుగుకు పెట్టిన గుడ్లు ఏప్రిల్ నాలుగో వారానికి పిల్లలైతే, మృగశిర కార్తె వానలకు వాటికి ఆరు వారాలు నిండుతాయి. అందుకే ఈ వానల్లో మళ్లీ అంగడికి వెళ్లకండి.

పత్తి చేను గురించి మీరు అడగలేదు కానీ చెబుతున్నాను. మిడతలు, చెదలు, పశువుల పిడుదులు బాగా ఏరుకు తింటాయి, నాటుకోళ్లలా మట్టి గీకి మొలకలు పెకలించడం తక్కువ. గులాబీ రంగు పురుగు కాయ లోపల ఉంటుంది, దాన్ని ఇవి చేయగలిగిందేమీ లేదు. మందు కొట్టిన చేలోకీ, మందు పట్టించిన గింజలు విత్తిన చోటికీ పోనివ్వకండి. పామును చూస్తే చుట్టూ చేరి గోల చేస్తాయి, ఆ గోలే మీకు లాభం.

కొక్కెర తెగులు వీటికీ వస్తుంది. పిల్లలకు ఏడో రోజున లసోటా అనే టీకా చుక్కలు కంట్లో వేయించండి, నాటుకోళ్లకు వేసే రోజే కలిపి వేయిస్తే ఖర్చు తగ్గుతుంది.

పక్కింటి గొడవకు నా దగ్గర మందు లేదు. గినీ కోడి అరవకుండా ఉండదు. గూడు వాళ్ల గోడకు దూరంగా, మీ ఇంటికి అవతలి వైపు కట్టండి. మధ్యాహ్నం దాకా లోపలే ఉంటే పొద్దున్నే వాళ్ల గోడ మీదెక్కి కేకలు పెట్టడమైనా తప్పుతుంది. గుడ్లు దొరకడం మొదలయ్యాక వారానికో అరడజను వాళ్లింటికి పంపి చూడండి.