చిన్న ఎయిర్‌పోర్టులో ఊరి జనం చూడాల్సింది లీజు కాగితాలు

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఒక చిన్న మున్సిపల్ ఎయిర్‌పోర్టు దగ్గర ఇల్లు కొన్నాం. పొద్దున్నించి సాయంత్రం దాకా ట్రైనింగ్ విమానాలు ఇంటి మీదే తిరుగుతున్నాయి. ఎయిర్‌పోర్టు సిటీదే కదా, జనం అంతా కలిసి అడిగితే తగ్గించలేరా? ఎయిర్‌పోర్టు గురించి సిటీ కౌన్సిల్‌కి సలహాలిచ్చే అడ్వైజరీ కమిషన్‌లో చేరితే ఉపయోగం ఉంటుందా?

రొద తగ్గించడం కోసమే అయితే చేరకండి, విసుగొచ్చి మధ్యలో మానేస్తారు. ఆ ఎయిర్‌పోర్టు ఎవరి చేతుల్లో ఉంది, దాని డబ్బు ఎటు పోతోంది అన్నది తేల్చుకోవాలని ఉంటే మాత్రం తప్పకుండా చేరండి. నేను కాలిఫోర్నియాలోనే వేరే ఊళ్ళో ఇలాంటి కమిషన్‌లో కొన్నేళ్ళు పనిచేశాను. పైలట్‌ని కాదు, నాది అకౌంట్స్ ఉద్యోగం. అక్కడ విమానాల గురించి తెలిసినవాళ్ళకి కొదవలేదు, లీజు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్ళే దొరకరు.

రొద సంగతి ముందు చెప్పేస్తాను. విమానం గాల్లోకి లేచాక దాని మీద అధికారం కేంద్రానిది, అంటే విమానయానాన్ని చూసుకునే ఫెడరల్ సంస్థ ఎఫ్ఏఏది. బర్‌బ్యాంక్ సిటీ రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా జెట్‌లు టేకాఫ్ అవ్వకూడదని రూలు పెడితే 1973లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎయిర్‌పోర్టు యజమానిగా సిటీకి కొంచెం వెసులుబాటు మిగిలింది గానీ, 1990లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం దాన్ని కూడా బాగా బిగించేసింది. కొత్తగా కర్ఫ్యూ పెట్టాలంటే పెద్ద స్టడీలు చేయించాలి, కొన్ని రకాల విమానాలకైతే ఎఫ్ఏఏ ఒప్పుకోవాలి. కాబట్టి సిటీ చేయగలిగింది పైలట్లని బతిమాలడమే. ఈ దారిలో వెళ్ళండి, ఇళ్ళ మీద ఇంకాస్త ఎత్తులో తిరగండి, రాత్రి టచ్ అండ్ గోలు (రన్‌వే మీద దిగీదిగగానే ఆగకుండా మళ్ళీ లేవడం) మానండి అని బోర్డు పెడతారు. మంచి ఫ్లయింగ్ స్కూల్ అయితే వింటుంది. వినకపోయినా ఫైన్ వేయడం సిటీ చేతుల్లో లేదు. పైగా కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మేటప్పుడు దగ్గర్లో ఎయిర్‌పోర్టు ఉందని నోటీసు ఇస్తారు, ఆ కట్టలో మీరూ సంతకం పెట్టే ఉంటారు. క్లోజింగ్ రోజు అంత మందం కాగితాలు ముందు పడేసి గంటలో సంతకాలు చేయించే ఈ పద్ధతి మీద నాకు చాలా కోపం, ముప్పై ఏళ్ళు అప్పు కట్టేవాడికి చదువుకోవడానికి ఒక పూట కూడా ఇవ్వరు.

ఇప్పుడు అసలు సంగతి. చిన్న ఎయిర్‌పోర్టు అంటే రన్‌వే కాదండీ, అది అద్దెలు వసూలు చేసుకునే భూమి. హ్యాంగర్ల (విమానాలు ఉంచే షెడ్ల) అద్దె, నేల లీజులు, పెట్రోలు అమ్మేవాళ్ళు గాలన్‌కి ఇన్ని సెంట్లని కట్టే ఫీజు, ఆదాయం ఎక్కువగా ఇదే. ఈ డబ్బు విడిగా ఎయిర్‌పోర్టు ఖాతాలో ఉంటుంది. ఎఫ్ఏఏ గ్రాంటు తీసుకున్న చోట దాన్ని పార్కులకో లైబ్రరీకో మళ్ళించడం చట్టవిరుద్ధం. అదే గ్రాంటు షరతుల్లో ఎయిర్‌పోర్టు వీలైనంత వరకు తన ఖర్చు తనే రాబట్టుకునేలా అద్దెలు పెట్టాలని కూడా ఉంది. ఈ రెండో షరతు జనానికి తెలియదు, తెలిసినవాళ్ళు ఎత్తరు.

మా ఊళ్ళో హ్యాంగర్ కావాలంటే వెయిటింగ్ లిస్టు. ఏళ్ళ తరబడి కదలని లిస్టు. ఫ్లయింగ్ పాఠాలు చెప్పే ఒక కుర్రాడు తన పాత విమానాన్ని బయట ఎండలో తాళ్ళతో కట్టేసి ఉంచేవాడు, రంగంతా పొట్టు పొట్టుగా ఊడిపోయింది. ఇటు చూస్తే సగం హ్యాంగర్ల తలుపులు ఎప్పుడూ తెరిచినట్టే కనిపించవు. ముందుగా నోటీసు ఇచ్చి సిటీవాళ్ళు హ్యాంగర్ లోపలికెళ్ళి తనిఖీ చేయొచ్చని లీజులోనే ఉంది, కానీ ఎవరూ చేసిన పాపాన పోలేదు. మీటింగులో నేను, రిటైరైన ఇన్‌స్ట్రక్టర్ ఒకావిడ పట్టుబట్టి అడిగితే చివరికి ఒప్పుకున్నారు.

శనివారం పొద్దున మేమిద్దరం, ఎయిర్‌పోర్టు మేనేజరు బయల్దేరాం. మొదటి తలుపు తీస్తే సెస్నా 172 అనే చిన్న విమానం ఉంది, నాకు సంతోషమేసింది. ఆవిడ దగ్గరికెళ్ళి టైర్లు చూపించింది, రెండూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి, ప్రొపెల్లర్ మీద పిచ్చుక గూడు. ఎగరని విమానాన్ని బాగుచేయకుండా ఊరికే ఏళ్ళ తరబడి దాచుకోవడాన్ని ఎఫ్ఏఏ హ్యాంగర్ వాడకంగా లెక్కపెట్టదు, 2017 జూలై నుంచి అమల్లో ఉన్న పాలసీలో స్పష్టంగా ఉంది. రెండో దాంట్లో పెద్ద మోటర్‌హోమ్, దాని వెనక పడవ. ఇంకోదాంట్లో సోఫా, ఫ్రిజ్, గోడకి టీవీ, మంచం కూడా. విమానం లేదు, విమానం ఎప్పుడైనా ఉందన్న గుర్తు కూడా లేదు. ఆ పక్కదాంట్లో మాత్రం ఒకాయన కూతురితో కలిసి కిట్ విమానం తయారు చేస్తున్నాడు, రెక్కకి రివెట్లు కొడుతున్నారిద్దరూ. అది నిక్షేపంగా చెల్లుతుంది, ఇంట్లో చేసుకునే విమానాల్ని ఆ పాలసీ ఒప్పుకుంటుంది. ఆ అమ్మాయి మాకు ఒక్కో భాగం చూపించి ఎంత ఓపిగ్గా చెప్పిందో, ఆ తలుపు దగ్గర చాలాసేపు నిలబడిపోయాం.

తర్వాతి హ్యాంగర్‌లో ఉన్నాయన లీజు మీద పేరున్న మనిషి కాదు. మీరెవరండీ అంటే, నేను ఫలానా ఆయనకి నెలనెలా అద్దె కడుతున్నాను అని, అది ఎంతో కూడా చెప్పాడు. సిటీకి వచ్చేది అందులో సగం కూడా లేదు. అంటే ఊరి ఆస్తిని ఒకాయన చవగ్గా తీసుకుని ఇంకొకరికి ఎక్కువకి ఇచ్చి మిగులు తినేస్తున్నాడు, సిటీ అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదని లీజులో రాసి ఉండగానే. మేనేజరు మొహం పాలిపోయింది. ఆయన్ని నేను పెద్దగా తప్పుపట్టను, రోజూ మొహాలు చూసుకునే మనుషులు, ఒక్కడే ఉద్యోగి, గడ్డి కోయించడం దగ్గర్నుంచి రన్‌వే లైట్లు మార్చడం దాకా ఆయనే చూసుకోవాలి. అందుకే బయటివాళ్ళు ఉండాలంటాను.

ఆ నెల మీటింగుకి హాలు నిండిపోయింది. వచ్చినవాళ్ళంతా హ్యాంగర్లు ఉన్నవాళ్ళే. ఇది మా నాన్న హ్యాంగర్ అని ఒకాయన కేకలేశాడు, లీజు తీసి చూపిస్తే నెలనెలా మారే అద్దె ఒప్పందం, వారసత్వం అన్న మాటే లేదు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళలో ఆ కుర్రాడు తప్ప ఎవరూ రాలేదు. వారం మధ్యలో సాయంత్రం నాలుగింటికి మీటింగు పెడితే ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఎలా వస్తారు? వచ్చినా మాట్లాడటానికి మూడు నిమిషాలు. కుర్రాడు సగం చెప్పేసరికి టైమర్ మోగింది. అయినా ఏడాది లోపే కౌన్సిల్ రూలు మార్చింది. ఏటా తనిఖీ, విమానం రిజిస్ట్రేషన్ కాగితం చూపించాలి, అద్దె ధరల సూచీతో పాటు పెరగాలి. మోటర్‌హోమ్ వెళ్ళిపోయింది. ఆ కుర్రాడికి నీడ దొరికింది.

మన తెలుగువాళ్ళతో ఒక మాట. గుడి కమిటీ ఎన్నికలకి వందల మంది కార్లేసుకుని వస్తాం, సిటీ మీటింగులో నేను తప్ప ఇంకో తెలుగు మొహం కనిపించేది కాదు. ప్రాపర్టీ ట్యాక్స్ మనమూ కడుతున్నాం, మన పిల్లలూ ఇక్కడే పెరుగుతున్నారు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. అందరూ ఎయిర్‌పోర్టు మూసేయాలని బోర్డులు పట్టుకుంటారు, కానీ మూయడం మూయకపోవడం ఏ రోజు తేలుతుందో పట్టించుకోరు. రన్‌వే మళ్ళీ వేయడానికి ఎఫ్ఏఏ గ్రాంటు తీసుకుంటే, ఖర్చులో నూటికి తొంభై వంతులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే, వాళ్ళు పెడతారు, బదులుగా మామూలుగా ఇరవై ఏళ్ళు ఎయిర్‌పోర్టుగానే నడుపుతామని సిటీ మాట ఇస్తుంది. ఆ డబ్బుతో భూమి కొంటే ఆ మాటకి గడువే ఉండదు. అంత పెద్ద కట్టుబాటు కౌన్సిల్‌లో కన్సెంట్ క్యాలెండర్‌లో, చర్చ లేకుండా పదీ పదిహేను అంశాలతో కలిపి ఒక్క ఓటుతో అయిపోతుంది. చికాగోలో 2003లో మేయర్ అర్ధరాత్రి బుల్డోజర్లు పంపి మీగ్స్ ఫీల్డ్ అనే చిన్న ఎయిర్‌పోర్టు రన్‌వేని తవ్వించేశాడు, సిటీ 33,000 డాలర్ల ఫైన్ కట్టి, వాడుకున్న పది లక్షల డాలర్ల ఫెడరల్ డబ్బు వెనక్కి ఇచ్చింది. అలా చేయడం నాకు నచ్చదు. సాంటా మోనికా సిటీ ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడి 2017లో ఎఫ్ఏఏతో రాజీకి వచ్చింది, 2028 ఆఖరుతో తన ఎయిర్‌పోర్టు మూసుకోవచ్చు, ఈలోపు రన్‌వేని 3,500 అడుగులకి తగ్గించేశారు. ఉంచాలన్నా మూయాలన్నా ఊరు మాట్లాడాల్సింది గ్రాంటు మీద సంతకం పడకముందు.

ఇళ్ళ దగ్గర ఉన్నారు కాబట్టి రొద కన్నా ముందు పెట్రోలు గురించి అడగండి. చిన్న పిస్టన్ విమానాలు చాలావరకు ఇప్పటికీ సీసం కలిసిన పెట్రోలుతోనే నడుస్తున్నాయి. సాన్ హోసేలోని రీడ్-హిల్‌వ్యూ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం మీద కౌంటీ స్టడీ చేయించింది, 2022 జనవరి నుంచి అక్కడ సీసం పెట్రోలు అమ్మడం ఆపేసింది. ఎఫ్ఏఏ దాని మీద విచారణకి దిగింది, అది వేరే కథ. రాష్ట్రం 2031 నుంచి అమ్మకం నిషేధిస్తూ 2024లో చట్టం చేసింది. మీ ఎయిర్‌పోర్టులో సీసం లేని పెట్రోలు ట్యాంకు ఎప్పుడు పెడతారో పెట్రోలు అమ్మే కంపెనీ లీజులో రాయించొచ్చు, లీజు రెన్యువల్‌కి వచ్చినప్పుడే అది కుదురుతుంది. ఆ తేదీ కనుక్కోండి.

సిటీ క్లర్క్‌కి ఈమెయిల్ పెట్టి హ్యాంగర్ లీజుల నమూనా, పెట్రోలు కంపెనీ లీజు, చివరిసారి తీసుకున్న గ్రాంటు ఒప్పందం అడగండి. పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం ఇస్తారో లేదో పది రోజుల్లో చెప్పాలి, లాయరు అక్కర్లేదు. రెగ్యులర్ మీటింగు అజెండా 72 గంటల ముందు బయట పెట్టాలి, అందులో కన్సెంట్ క్యాలెండర్ కింద ఎయిర్‌పోర్టు అన్న మాట ఉంటే మీటింగు మొదలుకాకముందే ఆ అంశాన్ని విడిగా చర్చించమని స్లిప్ ఇవ్వండి. కమిషన్ ఖాళీలు కూడా ఆ క్లర్క్ దగ్గరే తెలుస్తాయి, మా ఊళ్ళో అయితే ఒక సీటు చాలాకాలం ఎవరూ అప్లై చేయక అలాగే ఉండిపోయింది.