21 కిలోమీటర్లకు పేరిచ్చిన మా మేనకోడలికి

బిడ్డా,

ఆగస్టుల హైదరాబాద్ హాఫ్ మారథాన్‌కు పేరిచ్చిన మామా అని నువ్వు ఫోన్ల చెప్పంగనే ఎంత సంబురమైందో, మీ అత్తకు రెండుసార్లు చెప్పిన. ఇప్పుడు మే మొదలే కాబట్టి చేతిల 16 వారాలున్నయి, మంచిగ సరిపోతది, కానీ ఒక్కటి గట్టిగ పట్టుకో, మెల్లగ ఉరుకు. నువ్వనుకునే మెల్లగ కాదు, ఇంకా మెల్లగ. పక్కనోళ్లతోటి మాట్లాడుకుంట పోగల్గాలె, రెండు ముక్కలకే దమ్మొస్తుందంటే స్పీడ్ ఎక్కువైనట్టే.

నా మొదటి రేసుల జనం ఉరుకుతుంటే నేనూ గట్లనే ఉరికిన, మొదటి 5 కిలోమీటర్లు గాల్ల తేలినట్టుండె, 16 కాడ ఫ్లైఓవర్ ఎక్కంగ కుడి పిక్క రాయి లెక్క బిగుసుకపోయింది, రెయిలింగ్ పట్టుకొని నిలబడ్డ. దానికి తోడు బూట్లు వారం ముందే కొన్నయి. ఇంటికొచ్చి సాక్సు ఇప్పితే బొటనవేలి గోరు నల్లగ కమిలి ఉంది, తర్వాత ఊడిపోయింది కూడ. అందుకే బూట్లు ఇప్పుడే కొను, సాయంత్రం పో, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటయి, వేళ్ల ముందట బొటనవేలు వెడల్పంత జాగ ఉండాలె.

వారానికి 4 రోజులు చాలు. 3 రోజులు మన నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్ల 5, 6 కిలోమీటర్లు, ఆదివారం లాంగ్ రన్. ఇప్పుడు 8 ఉరుకుతున్నవ్ గదా, వారానికి ఒక్క కిలోమీటరే పెంచు, ప్రతి నాలుగో వారం తగ్గించు, ఆ తగ్గించిన వారంలనే కాళ్లు గట్టిపడ్తయి. ఆగస్టు మొదట్ల 18 కాడికొస్తే అయిపోయినట్టే, రేసుకు ముందు 21 పూర్తిగ ఉరకాల్సిన పనిలేదు, ఆఖరి రెండు వారాలు తక్కువ ఉరికి బాగ పండుకో. హైదరాబాద్ల ఎత్తులు ఎక్కువ, అందుకని జూన్ నుంచి వారానికోసారి లతీఫ్ సాబ్ గుట్ట మెట్లెక్కు, దిగేటప్పుడు నడిచే దిగు, మోకాళ్లు పైలం.

మన ఎండ సంగతి నీకు తెల్వంది కాదు. 6:30 కల్లా ఇంట్ల ఉండాలె. గంట దాటి ఉరికితే ఒట్టి నీళ్లే తాగకు, చెమటల ఉప్పు పోతది, పైకెల్లి నీళ్లే నింపితే రక్తంల ఉప్పు ఇంకా పల్చబడి ప్రాణం మీదికొస్తది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటర్ నీళ్లల్ల కలుపు, గ్లాసుల కాదు, లేకుంటే ఉప్పేసిన మజ్జిగ. ఎండల ఉరుకుతుంటే వణుకొచ్చినా తల తిరిగినా ఆగి నీడకు పో, నెత్తి మీద నీళ్లు పోసుకో. రోడ్డు మీదైతే కుడిపక్క ఉరుకు, బండ్లు ఎదురుంగ కనిపిస్తయి, చెవుల ఇయర్‌ఫోన్లు వద్దు.

రెండు కాళ్లు గుంజితే భయంలేదు, కానీ ఎముక మీద ఒక్క జాగల వేలు పెడితే నొస్తుందంటే ఆపి డాక్టర్‌కు చూపించు. హిమోగ్లోబిన్ టెస్ట్ ఈ వారమే చేయించుకో, ఆడపిల్లలు దీన్ని పట్టించుకోరు, రక్తం తక్కువుంటే ఎంత ప్రాక్టీస్ చేసినా దమ్ము నిలవదు.

రేసు ముందటి రాత్రి తెల్లన్నం, పప్పు. జొన్నరొట్టె, మటన్ వద్దు, పొద్దుగాల కడుపు సతాయిస్తది.

ఈ ఆదివారం పానగల్ల ఉదయ సముద్రం కట్ట మొదట్ల 4:50కి నిలబడ్త. లేసులు డబుల్ ముడేసుకొని రా, మజ్జిగ నేనే తెస్త.

మీ మామ